గోరక్క మూల గీరని ఫోటో

మా స్కానింగ్ గదిలో అందరూ ఆమెను గోరక్క అంటారు. పాత ఫోటో ఏదైనా సరే, మూల గోటితో మెల్లగా గీరి చూడందే స్కానర్ అద్దం మీద పెట్టదు. చెమ్మకు రెండు ఫోటోలు అతుక్కుపోయి ఒక్కటిలా కనిపిస్తాయని ఆమె భయం. పంతొమ్మిదేళ్లుగా జనం ఫోటోలూ ఉత్తరాలూ ముందూ వెనకా స్కాన్ చేసి దాచిపెడుతోంది. పక్క బల్ల దగ్గర వాటి వివరాలు టైపు చేసేది నేను. ఆమె చాదస్తానికి రోజూ విసుక్కునేదీ నేనే.

ఎండలు ముదిరాక ఒకరోజు పాత స్టూడియో ఫోటోల కవరు ఏదో తెరిచి కుర్చీలో కూలబడింది.

"ఏమైందక్కా?"

"మూల లేచిందే. ఇవి రెండు ఫోటోలే! స్కాన్ చేసిన రోజు జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది, గీరడం మర్చిపోయాను."

కవరు లాక్కుని చూశాను. మేం స్కాన్ చేసింది పై ఫోటోలోని ముఖం, కింది ఫోటో వెనకవైపు. అక్కడ స్టూడియోవాళ్లు పెన్సిల్‌తో రాసుకున్న పేరును నేనే ఆ ముఖానికి తగిలించాను. మా వెబ్‌సైట్‌లో ఆ పేరు చూసి, అది తన తల్లిదేనంటూ మూడు నెలల క్రితం ఒక పెద్దాయన వచ్చాడు, రిటైరైన బస్సు డ్రైవరు. తల్లి పురిట్లోనే పోయింది, ముఖం ఎరగడు. ప్రింటు తీసిస్తే గుండెలకు హత్తుకుని వెళ్లి ఇంట్లో గోడకు పెట్టుకున్నాడు.

"నోరు మూసుకుని ఊరుకో అక్కా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఇప్పటికీ ఆ మాటకు సిగ్గేస్తుంది.

"నాకు తెలిసి చచ్చిందిగా" అంటూ ఆయనకు ఫోన్ చేసింది.

పటాన్ని సంచిలో పెట్టుకుని వచ్చాడాయన. గోరక్క అంతా చెప్పేసింది, తప్పు తనదేనంది. "వీటిని నీళ్లలో నానబెట్టి విడదీయాలి బాబాయ్ గారూ. మీ అమ్మగారి ముఖం పైదానికి అంటుకుని ఊడిపోతే ఇక ఏమీ మిగలదు. ఏం చేయమంటారు?"

ఆయన కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. "చెయ్యమ్మా."

తెల్లటి ట్రేలో శుభ్రమైన నీళ్లు పోసింది. గంట గడిచింది. గోరక్క పెదవి కొరుక్కుంటూ వెంట్రుకవాసి చొప్పున పై కాగితం లేపింది. పాపిట కనిపించింది. నుదురు, కళ్లు, ముక్కు. ఇంతలో ఎడమ చెంప దగ్గర చిన్న చప్పుడైంది. ఆ ముక్క పై కాగితానికే ఉండిపోయింది.

"అయ్యో!" అని ఏడ్చేసింది గోరక్క.

ఆయన ట్రే మీదికి వంగాడు. తన ముక్కు తడుముకున్నాడు. "నా ముక్కేనమ్మా ఇది. చాలు" అన్నాడు, కళ్లు తుడుచుకోకుండానే.

పైదాని వెనక ఏ పేరూ లేదు. గోరక్క ఆయన పటం కోసం చేయి చాచింది. "అదిలా ఇవ్వండి బాబాయ్ గారూ, కొత్తది చేసిస్తాను."

ఆయన సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"మూడు నెలలుగా ఈవిడకి చెప్పే గడప దాటుతున్నాను. ఇప్పుడు ఎవరో పరాయిమనిషని దించేయమంటే ఎలాగమ్మా? ఈవిడ కోసం ఎవరైనా వస్తే నా ఇంటికి పంపండి."