కళ్లజోడు డాక్టరు గారి రూలు

ఆ పళ్ల డాక్టరు గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆయన క్లినిక్ గడప దాటిన ప్రతి మనిషీ కళ్లజోడు పెట్టుకుని తీరాలి. మామూలు జోడు కాదు, లేజర్ వెలుగు కళ్లలో పడకుండా పెట్టుకునే ముదురాకుపచ్చ అద్దాలది.

రూట్ కెనాల్ చేసేటప్పుడు పంటి వేళ్లలో నక్కిన క్రిముల్ని ఆయన లేజర్‌తో చంపుతారు. ఆ లేజర్ వెలిగేది చివర్లో ఒక్క నిమిషం. లోపలి గదిలో ఉన్నవాళ్లు ఆ కాసేపూ పెట్టుకుంటే చాలు. కానీ డాక్టరు గారి రూలు వీధి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. ఒకసారి పోస్ట్‌మాన్ ఆ జోడు తీయడం మరిచిపోయి, వీధంతా ఒకరి ఉత్తరాలు ఇంకొకరికి పంచి వచ్చాడు.

తొమ్మిదేళ్లుగా నర్సు పోరుతూనే ఉంది.

"లేజర్ లోపల కదండీ, బయట కూర్చున్నవాళ్లకెందుకు?"

"రూలంటే రూలేనమ్మా."

"చేపల తొట్టెకి కూడానా?"

"దానికి గుడ్డ కప్పమన్నాను, అంతేగా!"

అలాంటి చోటికి ఆమె తన మామగారినే రూట్ కెనాల్‌కి తీసుకురావలసి వచ్చింది. ముప్ఫై అయిదేళ్లు లారీ నడిపిన మనిషి, గుప్పెడు మీసం. మా తాతయ్యకి భయమంటే తెలియదని మనవరాలు బడంతా చాటింపు వేసింది. కోడలికి మాత్రం అసలు సంగతి తెలుసు. ఆయన ఇప్పటికి రెండు క్లినిక్కుల్లో కుర్చీలోంచి లేచి, మెడకి కట్టిన గుడ్డతో సహా పారిపోయారు. ఈసారీ పారిపోతే ఇక పన్ను పీకడమే.

దానికి తోడు మనవరాలు, "తాతయ్య ఎంత ధైర్యంగా కూర్చుంటారో నేను చూడాలి" అంటూ వెంటబడి వచ్చి మూలన స్టూలెక్కింది. జోడు పెట్టుకునే ఎక్కిందనుకోండి.

మత్తు బాగానే ఎక్కింది. నొప్పి లేదు. అయినా సగం పనిలో మామగారి జోడు కిందనుంచి ఒక చుక్క చెవి వైపు జారడం నర్సు కంటపడింది. వెనకే ఇంకొకటి. పిల్ల చూస్తే పెద్దాయన మళ్లీ తలెత్తుకోగలరా?

డాక్టరు గారు చెయ్యి ఆపకుండానే దూదితో ఆ చుక్కలు అద్దేశారు. "ఈ జోళ్లకి చెమట ఎక్కువమ్మా" అన్నారు తాపీగా.

తర్వాత వెంట్రుకంత లేజర్ తీగ పంటి వేరులోకి దిగింది. మిషను కీచుమంది. ఒక్క నిమిషం, అంతే. పన్ను దక్కింది.

"డాక్టరు గారూ, తాతయ్య ఏడవలేదు కదా?" అంది పిల్ల.

"నాకెలా తెలుస్తుంది తల్లీ? ఈ అద్దాల్లోంచి నాకేం కనబడదు."

పెద్దాయన తుళ్లిపడి లేచి కూర్చున్నారు. "మరి నా పన్నెలా చూశారండీ?"

"పన్ను కనిపిస్తుందండీ. పన్నొక్కటే కనిపిస్తుంది."

మామగారు జోడు తీయకుండానే మీసం దువ్వుకుంటూ బయటి గదిలోకి నడిచారు. అక్కడ బెంచీ మీద నలుగురు ఆకుపచ్చ జోళ్లతో కూర్చుని ఉన్నారు. ఎవరి కళ్లు ఎర్రబడ్డాయో, ఎవరివి బెదిరి ఉన్నాయో ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్లు పోట్లాడిన నర్సుకి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. డాక్టరు గారి మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే కరెంటు మీటరు చూసే అతను గుమ్మంలోంచి తొంగిచూశాడు. "రెండే నిమిషాలమ్మా, రీడింగ్ రాసుకుని పోతాను."

డాక్టరు గారు నోరు తెరిచేలోగానే నర్సు జోడు అందించింది.

"పెట్టుకో బాబూ, రూలంటే రూలే" అని, చేపల తొట్టె మీద గుడ్డ సరిగ్గా కప్పింది.