హెడ్ క్లర్కుగారి ఇటుకల ఆట

రేపల్లెలో ఒక ఆఫీసు హెడ్ క్లర్కుగారు ఉండేవారు. ఎవరు ఏ పని మీద వచ్చినా కుర్చీలో వెనక్కి వాలి, "తొందరేంటండీ?" అనేవారు. అడవులదీవి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లకీ అదే మాట.

అంతటాయన ఒకరోజు తెనాలిలో నా కంప్యూటర్ రిపేరు షాపుకి ఫోన్ చేసి, "ఉన్నపళంగా రావయ్యా" అన్నారు. పరిగెత్తాను. ఆఫీసుకి కొత్త కంప్యూటర్ వచ్చింది, పాతదానికంటే ఎన్నో రెట్లు వేగం. ఆయన ఏళ్ల తరబడి ఆడుకుంటున్న ఇటుకల ఆట అందులో పెడితే, ఇటుకలు జడివానలా పడిపోయి, ఆయన చెయ్యి కదిపేలోపే ఆట అయిపోతోంది.

"దీనికింత తొందరేంటయ్యా?" అన్నారు, నిజంగానే బాధపడుతూ.

ఒక చిన్న ప్రోగ్రాము ఎక్కించాను. ఇటుకలు నింపాదిగా దిగడం మొదలుపెట్టాయి.

"ఏం చేశావేంటి?"

"ఇది ఏ పనీ చెయ్యదండి. కంప్యూటర్‌కి మాత్రం ఊపిరాడనివ్వదు. దాంతో మిగతా పనులన్నీ నెమ్మదిస్తాయండి."

ఆయన ఆట ఆపి స్క్రీన్ వంక గౌరవంగా చూశారు. "అయితే దీనికి ప్రమోషన్ ఖాయమయ్యా."

దాని సంగతేమో గానీ, ఆయనకి మాత్రం వచ్చింది. బాపట్ల వెళ్తూ, అక్కడి కంప్యూటర్లన్నిటికీ సరిపోయేలా ఆ ప్రోగ్రాము కాపీ చేయించుకుని మరీ వెళ్లారు.