వయసు చూసి కరెంటు పంచిన

"యాదగిరన్నా... ఓ యాదగిరన్నా! నువ్వు పెట్టిన గేటు ఫోన్ సచ్చిపోయిందే!"

ఉస్మాన్‌గంజ్ గల్లీ ఆ కొసకెల్లి వాచ్‌మన్ మొగులయ్య కేక. నేను ఈ కొసకు హోటల్ల చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంటున్న. బస్తాలు మోసేటోళ్ళు, బండ్లు నూకేటోళ్ళు అందరు నా దిక్కే మర్రి చూసిన్రు. అంతకు ఐదు నిమిషాల ముందే పక్కన కూసున్నాయనకు నా పనితనం గురించి మస్తు చెప్పి ఉంటి. నవ్వకుండ్రి, మొత్తం ఇనుండ్రి. ఆ పొద్దు అంత మందిని ఆకలితోని నిలబెట్టింది నేనే, మళ్ళ తినబెట్టింది గూడ నేనే.

ఇది రెండువేల ఐదు నాటి ముచ్చట. నా సదువు పదో తరగతి దాకనే. గౌలిపురల ఇల్లు. ఇరవై ఏండ్లు ఇండ్లకు వైరింగ్ చేసిన, తర్వాత ఫోన్ లైన్లు వేసిన. ఉస్మాన్‌గంజ్‌ల మసాలా దినుసులు హోల్‌సేల్‌గ అమ్మే సేఠ్ ఒకాయన నాకు పాత గిరాకి. ఆయన కొత్తగ నాలుగంతస్తుల దుకాణం కట్టి, అంతస్తు అంతస్తుకు కొత్తరకం ఫోన్లు పెట్టాలన్నడు. కంపెనీ ఇంజనీర్‌ను పిలుస్తనంటె, ఎందుకు సేఠ్, నేను లేనా అన్న. ఈ పని కుదిరితె కార్వాన్‌ల ఆయన గోదాముల పని గూడ నాకే. చెడిందా, నా చేతికి మళ్ళ బల్బు హోల్డర్లే.

ఆ ఫోన్లకు గోడల ప్లగ్గు అక్కర్లే. తీగలన్ని వచ్చి ఒక ఇనుప పెట్టెల కలుస్తయి. దాన్ని నెట్‌వర్క్ స్విచ్ అంటరు. మాట పోయే తీగలనే కరెంటు గూడ పోతది. పవర్ ఓవర్ ఈథర్నెట్ అంటరు దాన్ని. ల్యాప్‌టాప్‌ల దాని పేజీ తెరిస్తె తీగలు గుచ్చే ఎనిమిది పోర్టులు వరుసగ కనబడ్తయి. దేనికి కరెంటు ఇయ్యాలె, దేనికి వద్దు, అన్ని మనమే పెట్టుకోవాలె. వారం రోజులు ఒక దోస్తు దుకాణంల కూసొని నేర్సుకున్న.

ఆ పేజీల ప్రయారిటీ అని, అంటె ఎవరు ముందని, ఒక గడి ఉన్నది. క్రిటికల్, హై, లో అని మీదికెల్లి కిందికి మూడు మెట్లు. నేను ఎక్కువ ఆలోచన చెయ్యలే. మనకు మర్యాద తెల్వదా ఏంది? పెద్దసేఠ్, అంటె సేఠ్ వాళ్ళ నాయిన, ఎనభై ఏండ్ల మనిషి. ఆయన ఫోన్‌కు క్రిటికల్. కూసున్న కాడికెల్లి దుకాణం చూసుకునేతందుకు ఆయన అడిగిన కెమెరాకు గూడ క్రిటికల్. సేఠ్‌కు, ఆయన తమ్మునికి, లెక్కలు రాసే మునీమ్‌కు, దుకాణంలున్న గోదాముకు హై. డాబా మీది వంటింటి ఫోన్‌కు, గేటు ఫోన్‌కు లో. పెండ్లి కార్డు మీద పేర్లు రాసినట్టు వయసు, హోదా చూసి రాసుకుంట పోయిన.

కొత్త దుకాణం పూజనాడు పొద్దుగాల ఫోన్లన్ని మోగినయి. సేఠ్ నా వీపు తట్టిండు. నాకు జోష్ ఎక్కింది. కెమెరా ఒక్కటి మిగిలితె పదకొండు గంటలకు దాన్ని గూడ తగిలించిన. పెద్దసేఠ్ తన గదిలనే కూసొని దుకాణం అంత చూసి మురిసిపోయిండు. ఆ మురిపెం చూసుకొని నేను చాయ్‌కు పోయిన. గప్పుడే మొగులయ్య కేక.

ఆ ఇంట్ల ఒక రివాజు ఉన్నది. కొత్త దుకాణం పూజనాడు సేఠ్ కాడినుంచి హమాలీ దాక ఒక్క వరుసల కూసొని తినాలె. ఒక్కడు తక్కువైనా పెద్దసేఠ్ ముద్ద ముట్టడు. పూరీలు సల్లగైతె అసలే ముట్టడు. అందుకని హమాలీలందరు వచ్చిన్రని మొగులయ్య గేటు కాడికెల్లి ఫోన్ చేస్తెనే, డాబా మీద వంటమనిషి మహరాజ్ పూరీలు నూనెల వెయ్యాలె. ఇప్పుడు గేటు ఫోన్ బంద్, డాబా మీది ఫోన్ బంద్. హమాలీలొచ్చి గేటు లోపల నిలబడ్డరు.

నేనే మెట్లెక్కి పొయ్యి, అందరొచ్చిన్రు, కడాయి పెట్టుమని మహరాజ్‌కు చెప్పిన. ఆయన ఇనలే. వెనుకట ఎవడో ఉరికొచ్చి చెప్తె పూరీలన్ని తీసి, సగం మంది రాక తిట్లు తిన్నడంట. "ఫోన్ మోగాలె యాదగిరీ. అప్పుడే కడాయి" అని పిండి ముద్దల మీద గుడ్డ కప్పి కూసున్నడు.

ఎలకలు కొరికినయేమోనని తీగ పొడుగూత తడిమిన. కొసలు కోసి కొత్త క్లిప్పులు వేసిన. తీగనే మార్చిన. గేటు ఫోన్‌ను సేఠ్ గదిల తగిలిస్తె బంగారం లెక్క మోగుతది, గేటుకు తెస్తె సావు. నాలుగంతస్తులు ఎన్నిసార్లు ఎక్కి దిగిన్నో నా మోకాళ్ళను అడగాలె. హమాలీలు కడుపులు పట్టుకొని నన్నే చూస్తున్నరు. సేఠ్ జేబులకెల్లి ఫోన్ నంబర్ల చిన్న డైరీ తీసి, "ఇంక పదిహేను నిమిషాలు యాదగిరీ. తర్వాత కంపెనీ ఇంజనీర్‌ను పిలుస్త" అన్నడు.

అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచిన. మొదలే తెరవాల్సి ఉండె, కని వైర్‌మన్ చెయ్యి గదా, తీగ దిక్కే పోయింది. గేటు, వంటిల్లు, రెండిటి ముందర ఎర్రగ ఒక లైను. కరెంటు సాలక ఇయ్యలేదని ఇంగ్లీష్ల రాసున్నది. అప్పుడు సమజైంది. ఆ పెట్టె ఇయ్యగలిగే కరెంటుకు ఒక హద్దు ఉంటది. కెమెరా వచ్చి ఆ హద్దు దాటంగనే, నేను లో అని రాసినోళ్ళకు బంద్ చేసి, క్రిటికల్ అని రాసినోళ్ళకు ఇచ్చింది. పెట్టె తప్పేం లేదు. నేను చెప్పినట్టే ఇన్నది.

ఇగ ఎవరినన్న కిందికి దించాలె. పెద్దసేఠ్‌ను అడుగకుండ ఎట్ల దించుత? పొయ్యి ఆయన ముందట చేతులు కట్టుకొని, చెవు కాడ గట్టిగ అంత చెప్పిన. మీ మర్యాద కోసమే గిట్ల చేసిన్నని గూడ చెప్పిన.

ఆయన చెవుకు చెయ్యి అడ్డం పెట్టుకొని అంత ఇన్నడు. "నా ఫోన్ మోగితె నాకు ఇనబడదు బేటా. పూరీలు చేసేటోన్ని ఎక్కడ పెట్టినవ్?"

"అందరికన్న అడుగున, సేఠ్‌జీ."

"వాడు అడుగునుంటె నేను మీదుండి ఏం తినాలె? ఎక్కించు వాన్ని!" అని పండ్లు లేని నోటితోని ఒక్కతీరుగ నవ్విండు.

ఉరికొచ్చి వంటింటికి, గేటుకు క్రిటికల్ పెట్టిన. పెద్దసేఠ్ ఫోన్‌ను లో చేసిన. మునీమ్‌ను గూడ దించిన, ఆయన ఎట్లైనా సేఠ్ పక్కకే కూసుంటడు. గేటు ఫోన్‌ల లైటు వెలిగింది. మొగులయ్య నంబరు నొక్కిండు. డాబా మీద ట్రింగుమన్నది, ఎంబడే కడాయి సుయ్యిమన్నది. ఆ సప్పుడు ఇనంగనే హమాలీలు చప్పట్లు కొట్టిన్రు. సేఠ్ డైరీ జేబుల పెట్టుకొని, సోమవారం కార్వాన్ రమ్మన్నడు. అంతే, నా ఛాతి ఇంత లావైంది.

పూరీలన్ని తీసి మహరాజ్ గూడ చేతులు తుడుచుకొని వచ్చిండు. గేటుకు గొళ్ళెం పెట్టి మొగులయ్య వచ్చిండు. పెద్దసేఠ్ నన్ను పక్కన కూసోబెట్టుకున్నడు. ఆయన మనవరాండ్లు వడ్డించిన్రు. నాలుగో పూరీ తుంచంగ కరెంటు పోయింది, రెండు నిమిషాలకు మళ్ళొచ్చింది. ఎవ్వరు పట్టించుకోలే. నా నోట్లె ముద్ద మాత్రం ఆగింది. తొందరల మార్చిన సెట్టింగులు సేవ్ కొట్టలే. పెట్టె ఆరి వెలిగిందంటె, మొన్న సేవ్ చేసిన పాత వరుసనే మళ్ళొచ్చి ఉంటది. గేటు ఫోన్ మళ్ళ సావు, వంటింటి ఫోన్ మళ్ళ సావు.

లేద్దామనుకున్న. కని ఫోన్ చేసేటోడు నా కుడిదిక్కు, ఎత్తేటోడు వాని పక్కన, ఇద్దరు కూరల పూరీ ముంచుకుంట తింటున్నరు. ఇప్పుడు ఎవనికి ఫోన్ చెయ్యాలె, ఎవడు చెయ్యాలె? ఏమైంది బేటా, తింటలేవని పెద్దసేఠ్ అడిగిండు. ఏం లేదు సేఠ్‌జీ, పని బాగ కుదిరింది గదా, అదే సోంచాయిస్తున్న అని, నెట్‌వర్క్ ఉస్తాద్ లెక్క మొఖం పెట్టి ఇంకో రెండు పూరీలు వేయించుకున్న.