వనిత స్టేజీ దగ్గర విడిచిన చెప్పులు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడ అనేది కంటికి కనిపించేది కాదు. జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్ అంటూ పోస్టర్ మీద పోస్టర్ అంటించీ అంటించీ గోడలు జానెడు లావెక్కాయి. రోడ్డు ఇరుకైంది బళ్ల వల్ల కాదు, ఆ పోస్టర్ల వల్లే. అలాంటి అమీర్‌పేటలో జావా క్లాసుకు వెళ్లి, జావా ఒంటికి అంటకుండా బయటపడ్డ ఘనత ఒక్క వనితది. మధ్యలో మానేసిందని జాలిపడకండి. నష్టం జావాకే.

మానేసిన కారణం కూడా గొప్పదే. లూప్ అంటే చేసిందే మళ్లీ మళ్లీ చేయించడమని సారు బోర్డు మీద రాస్తుంటే, వనిత పక్కనున్న తేజ చెవిలో, "గిది మా నాయిన డోలక్‌ల ఎప్పటిసంది ఉన్నది, దీనికి ఫీజు ఎందుకు?" అంది. మర్నాటి నుంచి క్లాసుకు పోలేదు.

వాళ్ల నాయన రాజనర్సయ్య జనగామ వైపు సేద్యం వదిలి వచ్చి, పంజాగుట్టలో ఒక పెద్ద బిల్డింగులో లిఫ్టు నడిపేవాడు. ఆదివారం మాత్రం చర్చిలో డోలక్ ఆయనదే. ఆయన వాయిస్తుంటే పక్క సందులో ఇస్త్రీ బండివాడి చెయ్యి కూడా ఆ దరువుకే ఆడేది. పాస్టరు అయ్యగారి ప్రసంగం మొదలయ్యేలోపే సందులోని చొక్కాలన్నీ మడతపడి ఉండేవి. నమ్మకపోతే ఆ సందువాళ్లను అడగండి.

క్లాసులో పక్కనున్న ఆ తేజ భీమవరం కుర్రాడు, మైత్రీవనం వెనక ఒక నెట్ సెంటర్‌లో కౌంటర్ మీద కూర్చునేవాడు. వనిత తన నాయన డోలక్ మోతను చిన్న మైకుతో పట్టి, తేజ కంప్యూటర్‌లోనే ముక్కలు చేసి, అతికించి, కింద బండలు పగిలే బేస్ పెట్టి పాట కట్టింది. ఆ పాట మొదటిసారి పెట్టినప్పుడు నెట్ సెంటర్‌లో ఉద్యోగాల కోసం బయోడేటాలు కొట్టుకుంటున్నవాళ్లందరి వేళ్లూ ఒకే లెక్కలో కీబోర్డు మీద పడ్డాయట.

పంజాగుట్టలో ఏటా వనిత వాళ్లదీ కలిపి నాలుగు చర్చిలు ఒక స్కూలు మైదానంలో స్తుతి సంబరం జరిపేవి. తెల్లచీరల క్వయర్లు, హార్మోనియం, పొద్దుగూకే దాకా కీర్తనలు. హాస్టళ్ల పిల్లలు బిర్యానీ పొట్లం వేళకు వచ్చి, పొట్లంతో పాటే మాయమయ్యేవారు. ఆ పిల్లల్ని కూర్చోబెట్టే మందు తన దగ్గరుందని, మైదానం మూలన రెండో స్టేజీ ఇమ్మని వనిత పెద్దలను అడిగింది.

ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన సంఘ పెద్ద ఐలయ్య మీసం దువ్వాడు. "గా డబ్బాలు పెట్టి దడదడలాడిస్తే దేవుడు పారిపోడా బిడ్డా?"

"దేవుడు పోడు పెదనాయినా. బేగంపేటల దిగే విమానం సుత గాల్లనే ఆగి ఇంటది, సూడు."

క్వయర్ నడిపే గుంటూరు టీచరమ్మ కమలకుమారి కళ్లద్దాలు సర్దుకుంది. "విమానం సంగతి తర్వాత గానీ అమ్మాయ్, కరపత్రంలో డ్యాన్సు అనే మాట మాత్రం వేయకండి. బాగోదు."

అలా ఆ స్టేజీకి 'దరువు స్తుతి' అని పేరు పడింది. ఐలయ్య షరతు కూడా పడింది. "గీ ఒక్క ఏడే ఇస్తున్న. మంది ఉన్నరా పోయిండ్రా అని నేను ముఖాలు సూడ. చెప్పులు సూస్త. చెప్పుల కుప్ప తరిగిందంటే మళ్ల జన్మల గీ డబ్బాల ముచ్చట ఎత్తొద్దు."

ఆ చర్చిల్లో చాప మీదికి చెప్పులతో ఎక్కరు. పాటలైనా ప్రసంగమైనా చెప్పులు అంచున విడవాల్సిందే. కుప్ప చూస్తే సభ తెలిసిపోతుంది.

సంబరం రోజు నాలుగింటికి ఐలయ్య ఆ కుప్ప పక్కనే కుర్చీ వేసుకున్నాడు. చాపల మీద ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. హాస్టల్ పిల్లలు బూట్లతో నిలబడి చూస్తామంటే, "టికెట్ లేకుండ ఎక్కుతవా?" అన్నంత గట్టిగా గదిమి బూట్లు విప్పించాడు. రాజనర్సయ్య ముందు వరసలో, డోలక్ లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

వనిత మొదటి పాట వదిలింది. స్పీకర్లు గర్జించాయి. జనం మఠం వేసుకుని, ఆదివారం కొట్టే చప్పట్లే బుద్ధిగా కొట్టారు. ఒక్కరూ లేవలేదు. రెండో పాటకు ఇద్దరు ముసలమ్మలు లేచారుగానీ, చిందెయ్యడానికి కాదు, చెప్పులు వెతుక్కోవడానికి. ఐలయ్య వనిత వైపు చూసి కుప్పను చూపించాడు.

"ఏంటి వనితా, విమానం ఇంకా రాలేదా?" అన్నాడు వైర్ల దగ్గర తేజ.

"నోర్ముయ్. నాయిన పాట పెడుతున్న."

అది ఆమె బ్రహ్మాస్త్రం. 'నా గుండె దరువేస్తున్నది దేవా, నీ పేరు మీద' అని రాజనర్సయ్యే కట్టిన పాట. డోలక్ సన్నగా మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కి, ఇక ఎక్కడానికి మెట్టు లేదనిపించిన చోట అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో వినేవాడి ప్రాణం వేలాడుతుండగా దబ్బున అసలు దరువు పడుతుంది. ఆ చోటు కోసమే ఇలాంటి పాటలన్నీ పుట్టాయి. వనిత ఆ నిశ్శబ్దాన్ని రెండు ఊపిరులు ఎక్కువే సాగదీద్దామనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

ఎందుకంటే ఆ చర్చిల్లో పాట ఉన్నట్టుండి ఆగితే, అది ప్రార్థనకు పిలుపు.

పాట ఆగిందో లేదో కమలకుమారి కొంగు నెత్తిన కప్పుకుని కళ్లు మూసింది. "ప్రభువా!" అంది. అంతే. మైదానమంతా కళ్లు మూసుకుని ఎవరి ప్రార్థన వాళ్లు పైకే మొదలుపెట్టారు. ఐలయ్య కుర్చీలోంచి లేచి చేతులెత్తి, మైకు లేకుండానే అందరినీ మించిన గొంతు ఎత్తుకున్నాడు. చెప్పులు వెతుక్కుంటున్న ముసలమ్మలు ఒంటి చెప్పుతో అక్కడే తలవంచారు.

"వదులు! దరువు వదులు వనితా! కొంప మునుగుతోంది!" తేజ గుసగుసగా అరిచాడు.

"ప్రార్థనల ఉన్నరు. ఎట్ల వదల్తా?"

"ప్రోగ్రాంలో ప్రార్థన లేదు కదా!"

"ఆళ్లకు తెల్వది గదరా!"

వదిలితే ప్రార్థన మీద డబ్బాలు మోగించిన పాపిష్టిది అవుతుంది. వదలకపోతే, ప్రార్థన ముగియగానే సభ అయిపోయిందనుకుని జనమంతా చెప్పులేసుకుంటారు. ఎటు చూసినా కుప్ప తరిగేదే. వనిత పాటను ఆపిన మీట మీంచి వేలు తీయలేదు.

అప్పుడామె హెడ్‌ఫోన్లు తీసి విన్నది. గొణుగుడుగా మొదలైన ప్రార్థన పెరుగుతోంది. ఒక గొంతు మీద ఇంకో గొంతు, ఏడుపు మీద స్తోత్రం, మెట్టు మెట్టుగా, అచ్చం ఆమె పాటలాగే ఎక్కుతోంది. ముందు వరసలో నాయన కళ్లు మూసుకునే ఉన్నాడు. కానీ మోకాలి మీద చూపుడువేలు ఆగలేదు. ఆగిన పాటను ఆ వేలు ఒక్కటే లోపల్లోపల నడుపుతోంది.

వనిత ఆ వేలునే చూస్తూ ఐలయ్య గొంతుకు చెవి ఒగ్గింది. చిన్నప్పటి నుంచి విన్న ప్రార్థన, చివర ఎటు తిరుగుతుందో ఆమెకు తెలియదా?

"యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము మా పరమ తండ్రీ..."

మైదానమంతా ఒక్క గొంతుతో "ఆమేన్!" అంది. రాజనర్సయ్య వేలు మోకాలిని తాకింది. వనిత మీట వదిలింది.

ఆ ఆమేన్ మీద దరువు పడింది చూడండీ! బంజారా హిల్స్ బంగళాల్లో గాజు గ్లాసులు ఒకదానికొకటి నమస్కారం పెట్టుకున్నాయి. లక్డీకాపూల్‌లో ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఊగాడు. బేగంపేట విమానం సంగతి తేజ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు, మైదానం మీద రెండు చుట్లు కొట్టి గానీ దిగలేదట. చాపల మీద వాళ్లు లేచింది ఎప్పుడో ఎవరికీ తెలియదు. హాస్టల్ పిల్లలు గాల్లోకి ఎగిరారు. ఒంటి చెప్పు ముసలమ్మలు ఆ చెప్పూ విసిరేశారు. కమలకుమారి నెత్తిన కొంగు జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తాళం వేసింది. డ్యాన్సు మాత్రం కాదు సుమా అందామంటే, ఆమె పాదాలే ఒప్పుకోలేదు.

రాజనర్సయ్య లేవలేదు. వెనక్కి తిరిగి, ఊగుతున్న జనానికి స్టేజీ వైపు చెయ్యి చూపించి, "నా బిడ్డ! నా బిడ్డ!" అని వచ్చేపోయే ప్రతివాడికీ చెప్పాడు.

పాట ముగిసేసరికి ఐలయ్య ఆయాసపడుతూ స్టేజీ దగ్గరికొచ్చాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"బిడ్డా, జర గా పాట మళ్ల ఆపుతవా?"

"ఎందుకు పెదనాయినా? తప్పయిందా?"

"తప్పేంది? ఇంకో ప్రార్థన చేస్త."

ఆ సాయంత్రం ఎన్ని ప్రార్థనలు జరిగాయో లెక్క లేదు. నలభై ఏళ్ల సేవలో తన ఆమేన్‌కు అంత జవాబు ఎన్నడూ రాలేదని ఐలయ్య స్వయంగా అన్నాడు. కుప్ప వైపు ఆయన మళ్లీ చూడనే లేదు. చూసినా లాభం లేదు. బేస్ దెబ్బకు నేల అదిరి కుప్పంతా కలగాపులగమైంది. జనం చేతికి దొరికినవి తొడుక్కుని నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. తేజ ఆడవాళ్ల చెప్పులతో అమీర్‌పేట దాకా నడిచాడు.

మరుసటి ఆదివారం ఐలయ్య ఒక కాలికి తోలు చెప్పు, ఇంకో కాలికి నీలం హవాయితో చర్చికి వచ్చాడు. ప్రకటనల వేళ మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నా ఎడమకాలి తోలుచెప్పు ఎవలి కాడన్న ఉంటే తొందర లేదు. వచ్చే ఏడు వనిత స్టేజీ కాడికి తెండ్రి. ఆడనే మార్చుకుందాం."

వెనక వరసలో రాజనర్సయ్య డోలక్ మీద ఒక్క దెబ్బ కొట్టాడు. చర్చి అంతా ఆమేన్ అంది.