కొరత లేని వీధి

బస్సు మలుపు తిరగగానే మడతపెట్టిన సైకిలొకటి జారివచ్చి నా మోకాలికి తగిలింది.

"దెబ్బ తగిలిందా బాబాయ్?"

"పర్లేదమ్మా, ఇంకో మోకాలుందిగా."

ఆమె నవ్వి పక్కన కూర్చుంది. యాభై దాటిన మనిషి. ఊరంతా వంతులవారీగా నడుపుకునే అద్దెకార్ల కంపెనీలో పని. పొద్దున్నే జనం ఇళ్ళ దగ్గర కారెక్కి ఆఫీసుల దగ్గర వదిలేస్తారు. పదయ్యేసరికి అక్కడ నిలపడానికి చోటుండదు, ఇక్కడ ఎక్కడానికి కారుండదు. ఎక్కువైన చోటి నుంచి లేని చోటికి ఒక్కొక్కటే నడిపి, తిరిగి సైకిలు మీదో బస్సులోనో రావాలి. తోటివాళ్ళు ఆమెను సర్దుబాటక్క అంటారట.

నేను తిరిగిన ఊళ్ళలో రేవులెన్నో చూశాను. సంత రోజున పడవలన్నీ అవతలి ఒడ్డుకే చేరేవి. పడవవాడు ఖాళీ పడవను తిట్టుకుంటూ ఇవతలికి తెచ్చేవాడు. అందరికీ ఒకేసారి ఒకే చోటికి పోవాలని ఉంటుంది, పడవైనా కారైనా. ఆ మాటే అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఒక్క వీధి మాత్రం అలా కాదు. వంతెన అవతల ఉంది. బడి, ఆసుపత్రి, ఇళ్ళు అన్నీ అక్కడే. ఎన్ని కార్లు పోతాయో అన్నీ వస్తాయి. అక్కడికి నన్నెప్పుడూ పంపలేదు."

"మరీ మంచిది కదా."

"మా చెల్లెలుండేది అక్కడే."

మూడేళ్ళ కిందట ఈమె పదిమందిలో చెల్లెలి మొగుణ్ణి ఒక మాట అందట. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. "పనుంటే తప్ప మా వీధికి రాకక్కా" అంది చెల్లెలు. అప్పటి నుంచి ఆ పని కోసమే ఈమె ఎదురుచూస్తోంది.

"దానికి కారు నేర్పింది నేనే. పొట్టిది. సీటు ముందుకు లాక్కుని, అద్దం కిందికి వంచుకుంటుంది. అప్పుడప్పుడు ఏదో ఒక కారు అచ్చం అలాగే దొరుకుతుంది. ఊళ్ళో పొట్టివాళ్ళకేం తక్కువా? అయినా సీటు జరపను. మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకుంటున్నా అలాగే నడుపుతా."

"నా మోకాలి సంగతి అందుకే అడిగావా?"

"మోకాళ్ళ బాధ నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

అంతలో ఫోను మోగింది. చూసి బిగుసుకుపోయింది. ఆ వీధే. అక్కడ కార్లు నిండుకున్నాయి, ఒకటి కావాలి. ఒప్పుకున్నట్టు నొక్కబోయిన బొటనవేలు ఆగింది. రెండో చెయ్యి చెదిరిన జుట్టును చెవి వెనక్కి తోసింది. అంతే, ఫోనులో ఆ వీధి పేరు మాయమైంది.

"దగ్గర్లో ఉన్నవాళ్ళెవరో నొక్కేశారు," అంది నెమ్మదిగా.

"మళ్ళీ వస్తుందిలే అమ్మా."

"మూడేళ్ళకి ఇదొక్కటే వచ్చింది బాబాయ్."

సంచిలో మంచినీళ్ళ సీసా ఉంటే ఇద్దామని వెతుకుతున్నాను. ఆమె ఫోనులో 'ఇవాళ పనిలో లేను' అన్నచోట నొక్కడం ఓరగా కనిపించింది. వంతెన ముందు బస్సు ఆగింది. ఆమె దిగాల్సింది ఇంకా నాలుగు స్టాపుల తర్వాతని ఇందాకే చెప్పింది.

సీసా దొరికి తలెత్తేసరికి పక్క సీటు ఖాళీ. కిటికీలోంచి చూశాను. సైకిలు విప్పనైనా విప్పకుండా, చేత్తో మోసుకుంటూ వంతెన మీద నడిచిపోతోంది.