మంగాయమ్మ కుదిర్చిన వారాలు

మంగాయమ్మది కొల్లేటి లంక. మొగుడు పోయాక ఏలూరు వచ్చి, ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మి, తల్లి లేని మేనల్లుడు కొండలరావును పెంచింది. వాడు స్కూలు ఫైనలు ప్యాసై, బందరు కాలేజీలో చేరతానన్నాడు. పేదపిల్లలకు కాలేజీ జీతం, అదే ఫీజు, కట్టే సంఘం ఒకటి ఊళ్లో ఉంది. దాని సెక్రటరీ, వకీలు బంగార్రాజుగారి ఇంటికి రోజూ చేపలిచ్చేది మంగాయమ్మే.

"వారాలు చేసుకునే పిల్లలకే ఇస్తామే మంగా. రోజుకో ఇంట్లో అడిగి తింటున్నాడంటేనే కదా, నిజంగా లేనివాడని తెలిసేది," అన్నారాయన.

ఆ మాట ఆమెకు న్యాయంగానే తోచింది. బందరు వెళ్లి చేపల బజారులో ఆడవాళ్లందర్నీ బతిమాలింది. సోమవారం గంగారత్నం ఒప్పుకుంది, మంగళవారం సారమ్మ. అలా ఆరు రోజులు కుదిరాయి. శుక్రవారం మిగిలిపోతే, పక్కన గాజులమ్మే ఫాతిమా కల్పించుకుంది.

"ఆ రోజు మా ఇంటికి పంపు అక్కా. మీవాడికి పట్టింపేం లేదుగా?"

"అన్నం పెట్టే చేతికి పట్టింపేంటే తల్లీ!"

"మరీ ఎక్కువ తిన్నాడంటే గాజుల మలారం మోయిస్తా. ముందే చెబుతున్నా."

ఏలూరు తిరిగి రాగానే పిల్లాణ్ని వెంటబెట్టుకుని వకీలుగారింటికి వెళ్లింది. అరుగు మీద సంఘం కమిటీవారు కాఫీ తాగుతున్నారు. ఓ పక్క పీట మీద, పట్టంచు పంచె కట్టిన కుర్రాడొకడు ఉప్మా తింటున్నాడు.

"ఏడు వారాలూ కుదిరాయండీ బాబూ."

"ఎవరిళ్లల్లోనే?"

పేరు పేరునా చెప్పింది. ఒక పెద్దమనిషి పొలమారేలా నవ్వాడు. "చేపల గుడిసెలూ, సాయిబుల ఇళ్లూనా! బాగుందండీ వరస!"

బంగార్రాజుగారు నవ్వలేదు. "వారాలంటే మర్యాదస్తుల ఇళ్లల్లో చేసేవే. ఇది ముష్టి."

"ఆ ఇళ్లల్లో మావాణ్ని కూర్చోబెడతారాండీ?"

"ఎలా కూర్చోబెడతారే?"

"మరి మావాడు మీ రూలుకి ఎలా తూగుతాడండీ?"

ఆయన విసుక్కున్నారు. "స్కూలు ఫైనలు దాకా వచ్చాడు, చాల్లే. అందరూ బి.ఏ.లైతే కొల్లేట్లో వల ఎవరు వేస్తారు? కావాలంటే నా దగ్గర గుమాస్తాగా పడుంటాడు." పీట మీది కుర్రాణ్ని చూపించారు. "ఈ ఏడు సాయం మిల్లు షావుకారు మేనల్లుడికి. ఇదుగో, ఇవాళ వారం మా ఇంట్లో."

కుర్రాడు మర్యాదగా తల వంచి, మరో ముద్ద నోట పెట్టుకున్నాడు.

 మంగాయమ్మ పిల్లాణ్ని తీసుకుని వీధిలోకొచ్చి, కాలవ గట్టున కూర్చుని ఉమ్మేసింది. ఒకసారి కాదు.

"పోనీలే అత్తా, గుమాస్తా పనికి పోతాను," అన్నాడు కొండలరావు.

"నోర్ముయ్! ఆ అరుగు మీద నాలుగు రోజులుంటే, నువ్వూ వాళ్లలాగే నవ్వడం నేర్చుకుంటావు."

కాలేజీ జీతం ఎక్కణ్నుంచి తేవాలో ఆమెకు తెలియదు. లేచి, తోటి చేపలవాళ్లనే అడుగుదామని, వాడి చెయ్యి పట్టుకుని బజారు వైపు నడిచింది.