దేవుడంత బరువు

ముందు ఒక ఊపిరి వినిపించేది. కొలిమి తిత్తిని ఎవరో నెమ్మదిగా నొక్కి వదిలినట్టు, కింది గది కిటికీలోంచి పైకి వచ్చేది. తర్వాత ఒక ముసలి గొంతు, కంచు గిన్నె అంచుకు గరిటె తగిలినట్టు, “లాభం!” అనేది. మళ్ళీ ఊపిరి. “రెండు!” మళ్ళీ ఊపిరి. “మూడు!”

నంద్యాలలో ఆ ఇంటి మేడ మీది వాటాలో నేను అద్దెకు దిగిన కొత్తలో, కళ్ళు తెరవకముందే ఈ లెక్క చెవిలో పడేది. కింద కిరాణా అంగడి కదా, బియ్యమో శనక్కాయలో కొలుస్తున్నారనుకున్నాను. పాతకాలపు షావుకార్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనడానికి కూడా నోరు రాదు, ఆరున్నొకటి అని దాటేస్తారు. అయితే ఇంత పొద్దున్నే, రోజూ, ఎవరికి ఇన్ని గింజలు కొలుస్తున్నారు?

ఒకరోజు పాల కోసం కిందికి దిగి, గోడౌన్ గది తలుపులోంచి తొంగి చూశాను. గింజలు లేవు. కొలపాత్ర లేదు. కొంగు నడుముకు బిగించి దోపుకున్న ఒక ఆడమనిషి, నున్నటి నల్లరాయిని రెండు చేతులా రొమ్ముకు హత్తుకుని, మోకాళ్ళు వంచి, లేస్తోంది. రాయికి పసుపు రాసి ఉంది. కుంకుమ బొట్టుంది. దాని నెత్తిన అప్పుడే కోసిన మందారం, ఆమె లేచినప్పుడల్లా లేస్తూ, కూర్చున్నప్పుడల్లా తల ఊపుతోంది. నడవలో మంచం మీద కూర్చున్న ముసలావిడ లెక్క పెడుతోంది.

ఆవిడ లక్ష్మీదేవమ్మ. రాయి ఎత్తుతున్నది ఆమె కోడలు సుకన్య.

సుకన్య పుట్టిల్లు ఆళ్లగడ్డ. నలభైకి ఇంకా ఇవతలే ఉన్న మనిషి. మాట్లాడితే అంగడి తలుపు తీసినంత చప్పుడు, నవ్వితే మూసినంత. ఆ ఇంట్లో అంగడి వీధివైపు, ఇల్లు వెనక. రెంటి మధ్యా మూడు మెట్లు, ఒక్కొక్కటీ మోకాలంత ఎత్తు. ఆ మెట్లు దిగితే గల్లాపెట్టె, దాని ముందు చిన్న పరుపు. కాపురానికి వచ్చిన నాటి నుంచి లక్ష్మీదేవమ్మ లోకం ఆ పరుపే. అక్కడ కూర్చునే ఆమె సగం ఊరి వంటిళ్ళు నడిపింది. ఎవరింట్లో బెల్లం ఎక్కువ పోతోందో చూసి ఎవరు కడుపుతో ఉన్నారో చెప్పేది.

తరువాత ఒకనాడు స్నానాల గదిలో కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌తో ఎముక అతికింది కానీ, కాళ్ళు మాత్రం ఆమె మాట వినడం మానేశాయి. మంచానికీ గల్లాకూ మధ్య ఆ మూడు మెట్లు మూడు కొండలయ్యాయి.

కొడుకు గురుస్వామి ఒకసారి తల్లిని ఎత్తబోయాడు. ఎత్తింది లేదు, అతని నడుము పట్టేసింది. తల్లీ కొడుకూ చెరొక మంచం మీద పడుకుని ఇంటి పైకప్పు చూశారు. అంగట్లో బస్తాలు మోసే హమాలీ, నేను ఎత్తుతానమ్మా అన్నాడు.

“నేనేమన్నా ఉప్పు బస్తానా?” అని లేచింది లక్ష్మీదేవమ్మ గొంతు, కాళ్ళకు బదులుగా. “పరాయి మగోడు నన్ను ముట్టుకునేది పాడె మీద పెట్టేటప్పుడే. అప్పుడు కూడా నేను కండ్లు మూసుకునుంటా కాబట్టి!”

మొదట్లో మంచం మీది నుంచే గోడకు అడ్డంగా అరిచేది. “గురుసామీ, చింతపండులో గింజలు తీసినావా? ఎవర్రా వచ్చింది? అప్పడాలు అడుగున పెట్టొద్దని చెప్పినా కదరా!” గోడ అన్నిటికీ ఒకే జవాబు ఇచ్చేది. కొన్నాళ్ళకు ఆ గొంతు, నూనె తగ్గిన దీపంలా లోపలికి పోసాగింది. అన్నం సగంలో ఆపేది. అంగట్లో తక్కెడ బదులు మిషన్ పెట్టారని తెలిసినా ఏమీ అనలేదు.

“నన్ను తిట్టేది మానేసిందక్కా,” అంది సుకన్య నాతో, ఆ రోజులు చెబుతూ. “అప్పుడు బయమేసింది. తిట్టని అత్తను నేనేం చేసుకునేది?”

అందుకే అత్తను తానే ఎత్తుకెళ్ళి గల్లా దగ్గర కూర్చోబెట్టాలనుకుంది. అప్పటికి ఆమె బలం ఇడ్లీ పాత్ర దించే దాకానే.

అత్త కాళ్ళకు వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, నడుముతో కాదు, తొడలతో లేవాలని చూపించి వెళ్ళింది. మిగతాది ఫోన్ నేర్పింది. ఏ దేశపు మనిషో, మొద్దుల్లాంటి భుజాలున్న ఆడమనిషి, తెలియని భాషలో ఏదో చెబుతూ, బరువు పట్టుకుని లేస్తూ కూర్చుంటూ ఉండేది. సుకన్య దోసె తిరగేస్తూ చూసేది. దోసె మాడేది. ఊళ్ళో జిమ్‌లో ఆడవాళ్ళకిచ్చిన వేళా, అంగట్లో గిరాకీ వేళా ఒకటే. కాబట్టి గోడౌన్ గదిలోనే మొదలుపెట్టింది. బెల్లం వాసన, మిరపకాయల ఘాటు, కిటికీలోంచి వాలే ధూళి వెలుగు. చేతికో నూనె డబ్బా. భుజం మీద కందిపప్పు సంచి.

బాగానే సాగింది, నాలుగు పూటలు.

“ఏమయ్యా, నా కందిబేడల సంచి యాడ?”

“అమ్మేసినా,” అన్నాడు గురుస్వామి.

“అది నేను ఎత్తేది!”

“నువ్వు ఎత్తేది, నేను అమ్మేది. అంగట్లో ఉండేదంతా అమ్మేదానికే కదనే.”

“నూనె డబ్బా ఒకటే ఉండాది. ఎడం చేతిది యాడ?”

“పొద్దున్నే పెండ్లోళ్ళు తీస్కపోయినారు.”

“నా ఎడం చెయ్యి పెండ్లికి పోయిందా?”

“భోజనాలకు మనల్ని గూడా రమ్మన్నారులే. పోయి చూసిరా.”

అమ్ముడుపోని బరువు కావాలి. సుకన్య ఆళ్లగడ్డ బస్సెక్కింది.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఉలి చప్పుడు ఎండలో కలిసిపోయి ఉంటుంది. చెట్ల ఆకుల మీద తెల్లటి రాతిపొడి. సగం పుట్టిన దేవుళ్ళు షెడ్ల ముందు, ముక్కు కోసమో చేతుల కోసమో ఓపిగ్గా ఎదురుచూస్తుంటారు. అక్కడ చెక్కే మద్దిలేటి ఆచారికి సుకన్య చిన్నప్పటి నుంచీ తెలుసు.

“ఏం దేవుడు కావాల పాపా?” అన్నాడు ఆచారి.

“దేవుడు గాదు మామా. బరువు కావాల. ఎత్తి దించేదానికి. ఒకటి చిన్నది, ఒకటి నడిమిది, ఒకటి మా అత్తంత.”

ఆచారి ఉలి కింద పెట్టాడు. “మీ అత్త విగ్రహమా? ఆయమ్మ బతికే ఉండాది కదా!”

“విగ్రహం గాదు మామా! మా అత్త ఎంత తూగుతాదో అంత రాయి.”

“ఎత్తెంత?”

“ఎత్తుతో నాకేం పని? తూకం చెప్తాండా.”

“తూకంలో ఇచ్చేది మీ అంగట్లో పాపా. నేను అడుగుల్లో, అంగుళాల్లో చెక్కుతా. ఇంతవరకూ ఏ దేవుడూ నన్ను కేజీల్లో అడగలే.” కాసేపు గడ్డం గోక్కున్నాడు. “కూకుంటే ఎంతుంటాది మీ అత్త?”

సుకన్య గాలిలో చెయ్యి పెట్టి చూపించింది. ఆచారి కళ్ళు మూసుకుని, లక్ష్మీదేవమ్మను రాయిలో చూసి, రాయి ఒంటికంటే బరువని కొలత సగానికి తగ్గించి, సరేనన్నాడు.

ఉత్త గుండు చెక్కడానికి అతని చేతికి మనసు రాలేదు. దొర్లిపోకుండా అడుగున తామర రేకుల పీఠం తీశాడు. పట్టుకోవడానికి పక్కన వేళ్ళకు సరిపోయే గాడి తీసి, దాని చుట్టూ సన్నటి తీగ పాకించాడు. ఇంక ఆ షెడ్డులోంచి ఏ రాయి బయలుదేరినా ఒకటే పద్ధతి. కొబ్బరికాయ కొడతారు, కొత్త గుడ్డ చుడతారు, గడ్డి పరిచి పడుకోబెడతారు. బరువులకు వేరే పద్ధతి ఉంటుందని అతనికి తోచలేదు. అలాగే ఆటో ఎక్కించి పంపాడు.

ఆటో వాకిట్లో ఆగేసరికి, చాలా రోజులుగా మాటలేని మంచం పలికింది.

“ఎవరే వచ్చింది?”

“ఎవరూ లేరత్తా. ఆళ్లగడ్డ నుంచి రాళ్ళు.”

“ఆళ్లగడ్డ నుంచి రాళ్ళొస్తాయంటే? దేవుళ్ళొస్తారు!”

సుకన్య ఆటో అతన్ని పంపి వచ్చేలోపల, రాళ్ళను దించిన హమాలీ చేతే లక్ష్మీదేవమ్మ వాటిని మంచం దగ్గరికి జరిపించుకుంది. మూడింటికీ పసుపు, కుంకుమ, దేవుడి పటం మీది పూలు తుంచి తలా కాస్త. చేతులు జోడించి కూర్చుని ఉంది.

“అత్తా, అది దేవుడు గాదు. బరువు.”

“దేవుడు బరువుండక తేలికుంటాడా?”

“ఏ దేవుడత్తా? మొగం లేదు, చేతుల్లేవు.”

“మొక్కుకునే దేవుడు గాదులే. ఎత్తుకునే దేవుడు. ఎత్తుకుంటానని నువ్వే కదా పిలిపిచ్చింది. ఇప్పుడు వద్దంటే కండ్లు పోతాయ్.”

ఆ దినం నుంచి గోడౌన్‌కు చట్టాలు వచ్చాయి. చట్టాలన్నీ మంచం మీది నుంచి వచ్చాయి. “చెప్పులు బయట ఇడువు. తానం చేసినావా? ఏమే, దబ్బున ఇడిస్తే నా మొగం చూడొద్దు. పసిబిడ్డను పండేసినట్టు దించు. నిదానంగా... ఇంగా నిదానంగా!” కాళ్ళ వ్యాయామం అమ్మాయి ఇది విని, నిదానంగా దించడమే అసలు కసరత్తని నవ్వింది. జ్వరమని, తలనొప్పని సుకన్య ఒకరోజు మానబోయింది. “దేవునికి తలనొప్పి సెలవుంటాదా?” అంది మంచం. సంచులూ డబ్బాలూ మళ్ళీ తన చేతికి రావడంతో గురుస్వామి కూడా కుదుటపడ్డాడు. ఆ గదిలో తాను అమ్మలేని సరుకు అదొక్కటే.

వీధిలోని ఆడవాళ్ళు దర్శనానికి రాసాగారు. సుకన్య చెమటలు కక్కుతూ లేస్తూ కూర్చుంటూ ఉంటే, పూలు పట్టుకుని గోడవారన నిలబడేవారు. “తొందరపడొద్దండమ్మా, సేవ జరుగుతాండాది,” అనేది లక్ష్మీదేవమ్మ. ఎదురింటావిడ, నడుం నొప్పి పోతుందేమోనని చిన్న రాయిని ఎత్తి చూసింది. మర్నాడు మళ్ళీ వచ్చింది, నొప్పి ఇంకోచోటికి మారిందని సంతోషంగా చెప్పడానికి.

మామిడికాయల కాలానికి చిన్న రాయి లొంగింది. వానలకు నడిమి రాయి. అంగట్లోకి కొత్త శనక్కాయలు దిగిన నాడు, అత్తంత రాయి నేల వదిలింది. సుకన్య దాన్ని ఎత్తుకుని గదిలో నాలుగు పక్కలా తిరిగి, పసిబిడ్డను పండేసినట్టు దించింది. అక్కడి నుంచి నేరుగా మంచం దగ్గరికి వచ్చింది.

“పా అత్తా. గల్లా కాడికి.”

ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద. లక్ష్మీదేవమ్మ పైకి లేచింది. లేచీ లేవగానే కర్రలా బిగుసుకుని, “పడేస్తాండాదిరో! చంపుతాండాదిరో!” అని కోడలి జుట్టు రెండు చేతులా పట్టుకుంది. సుకన్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి, జుట్టు వల్ల. మళ్ళీ మంచం మీద పెట్టేసింది.

 రాయి బిగుసుకోదు. రాయికి భయం లేదు. సుకన్య తొడల్లో కావలసినంత బలం చేరింది, కానీ అత్త ఒంట్లోంచి ఆ స్నానాల గది ఇంకా పోలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. ఇన్ని నెలల చెమటా ఆ మంచం అంచున ఆగిపోయేలా ఉంది.

లక్ష్మీదేవమ్మే ముందు తేరుకుంది. “ముందు వాన్ని ఎత్తు. చూస్తా.”

“ఎవర్ని?”

“నా కొడుకునే! నాకంటే వాడు బరువు. వాన్ని ఎత్తి, ఆ మెట్లు దించి సూపీ.”

గురుస్వామి అప్పుడు ఎవరికో జీలకర్ర పొట్లం కడుతున్నాడు. భార్య కొంగు దోపుకుంటూ వస్తుంటే మామూలు కోపమనుకున్నాడు. ఆమె చెయ్యి పట్టి మెట్లెక్కించి నడవలో నిలబెట్టాక అర్థమైంది.

“ఏందీ? నన్నా? యాల? అంగట్లో జనం ఉండారే!”

“కదలాకు. బిగుసుకుంటే పడతావు.”

“అమ్మా, నువ్వు చెప్పుమా ఈమెకు!”

“నేనే చెప్పినా నాయనా. కండ్లు మూసుకో,” అంది తల్లి.

జీలకర్ర పొట్లం చేతిలో ఉండగానే గురుస్వామి నేల వదిలాడు. ఒక మెట్టు. రెండో మెట్టు మీద అతని చెప్పు ఒకటి జారి అంగట్లోకి తనకంటే ముందు వెళ్ళింది. మూడో మెట్టు. సుకన్య ఊపిరి వదులుతూ, మోకాళ్ళు వంచి, అతన్ని శనక్కాయల బస్తా మీద నెమ్మదిగా కూర్చోబెట్టింది. జీలకర్ర కోసం వచ్చిన ఆమె నోరు తెరిచి చూసి, పొట్లం అందుకుని, “మా ఆయన్ను గూడా తోలుకురావాల్నా?” అని అడిగింది.

లోపల మంచం మీద ఒక నవ్వు మొదలైంది. చాలాకాలం మూసి ఉన్న తలుపు గడియ కిర్రుమన్నట్టు మొదలై, వానలా పెద్దదైంది. సుకన్య వెనక్కి వెళ్ళేసరికి లక్ష్మీదేవమ్మ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక, ఒళ్ళంతా వదులైపోయి ఉంది. ఆ వదులులోనే కోడలు ఆమెను ఎత్తేసింది. ఈసారి ముసలి చేతులు జుట్టును కాదు, మెడను పట్టుకున్నాయి.

మూడు మెట్లు. గల్లాపెట్టె. పరుపు.

లక్ష్మీదేవమ్మ కూర్చుంది. వీధిలోంచి వచ్చే ఎండ ఆమె ఒడిలోకి వచ్చి కూర్చుంది. చెయ్యి చాపి మిషన్ వంక చూపిస్తూ, “ఈ పలక ఏందిరా? తక్కెడ యాడ పారేసినావురా దరిద్రుడా? ఎవురు చెప్పినారు నీకు?” అని మొదలుపెట్టింది. ఎన్నాళ్ళ తిట్లో, ఒకదాని వెనక ఒకటి, వరుస తప్పకుండా వచ్చాయి. సుకన్య గోడౌన్‌లోకి వెళ్ళి, ఒక బస్తా మీద కూర్చుని, అన్నీ వింది. చేతులు ఒడిలో పెట్టుకుని, వాన వింటున్న మనిషిలా వింది.

ఇప్పుడు రోజూ పొద్దున అంగడి తెరవగానే ఆమె అత్తను దించుతుంది, మధ్యాహ్నం భోజనానికి ఎత్తుతుంది. మొన్న నేను పని మీద కొలిమిగుండ్లకు బయలుదేరుతుంటే, గేటు దగ్గర నన్ను ఆపింది. అంగడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“అక్కా, ఎట్లాగూ ఆ పక్కకే పోతాండావు కదా. బెలుం గుహల్లో మెట్లు ఎంతెత్తు ఉండాయో, పట్టుకునేదానికి కమ్మీ ఉండాదో లేదో చూసి చెప్పు. అత్త టీవీలో చూసింది, నిన్నట్నుంచి అదే పాట. దించేది నాకేం కష్టం లేదులే. లోపలికి పోయినాక సల్లగా ఉండాది, ఈడనే ఉంటానంటే, మళ్ళ పైకి ఎట్ల తెచ్చేదని.”